ఒంటిపాటలు: నవీన గాయకబృందముల తెలుఁగును గూర్చి యొక విచారము

ఈ పత్రికయందు శాసనపాఠములు, ఛందోవివాదములు, కవికాలనిర్ణయములు చర్చింపఁబడుట పరిపాటి. నేఁటి బాలురు సెల్‌ఫోనులయందు వినుచున్న పాటలను గూర్చి యిచట వ్యాసము కనఁబడుట కొందఱు చదువరులకు వింతగాఁ దోఁపవచ్చును. కొన్ని యేండ్ల క్రిందట నాకును నట్లే తోఁచియుండెడిది. కాని తెలుఁగుమాట యెచట నోటఁ బలుకఁబడునో యచట వైయాకరణునకుఁ బని గలదు. వేలకొలఁది జనులు వినుచోట నా పని మఱింత గలదు. మనము దానిని జేయక, యీ పాటల నన్నిటిని ఒక్కపెట్టున గ్రామ్యములని త్రోసివైచి, మన బాధ్యత తీఱినదనుకొనుచున్నాము. ఈ తీర్పు సరికాదనియు, నిందు దోషమున్న చోటు వేఱనియుఁ జూపుట నా యుద్దేశము. సంగీతశాస్త్రమున నాకుఁ బ్రవేశ మల్పము. కావున రాగవిచారము జోలికిఁ బోక, శబ్దమును మాత్రమే పరీక్షింతును.

మొదట విషయనిర్దేశము. చలనచిత్రముతోఁ బొత్తు లేక, కథయు నాయకుఁడును లేక, పాట పాటకొఱకే కట్టఁబడి, యూట్యూబు మున్నగు సాధనములచేత నేరుగా శ్రోతను జేరునట్టి గీతమును నేఁడు స్వతంత్రగీత మనుచున్నారు. ఒక్కొక్క పాటయే విడిగా వెలువడినచో దానికి 'సింగిలు' అని పేరు. నేను దీనిని ఒంటిపాట యందును. పాడువారును, గిటారు మీటువారును, డోలు డప్పులు వాయించువారును గుమికూడి తమకొక పేరు పెట్టుకొనినచో నది 'బ్యాండు'. మా పల్లెలలో బ్యాండన్నఁ బెండ్లియూరేగింపు మేళమే స్ఫురించును. ఈ యర్థవిస్తారమును నిఘంటుకారులు గుర్తింపవలెను.

ఒంటిపాట మనకుఁ గ్రొత్తది కాదు. నేనున్న యీ కూచిపూడికిఁ బ్రక్కనే మొవ్వ గ్రామమున్నది. పదునేడవ శతాబ్దివాఁడైన క్షేత్రయ్య కది స్వస్థలమని ప్రసిద్ధి. ఆయన పద మొకటి తీసికొనుఁడు. దానికి వెనుక గ్రంథము లేదు, ముందు కథ లేదు. ఒక నాయిక, యొక క్షణము, ఒక మాట. అంతటితోఁ బదము ముగియును. భాగవతుల భామాకలాపమందలి దరువు కథలో నంగము. క్షేత్రయ్యపదము తనంతఁ దాను నిలుచును. చలనచిత్రగీతమునకును నేఁటి స్వతంత్రగీతమునకును గల భేద మిట్టిదే. తరువాతఁ గ్రామఫోను పలకలు వచ్చినవి. సాలూరి రాజేశ్వరరావును బాలసరస్వతీదేవియుఁ బాడిన లలితగీతములు చలనచిత్రములతో సంబంధము లేకయే యిండ్లలో వినఁబడినవి. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ యాకాశవాణి కేంద్రము నెలకొన్న పిదప 'ఈ మాసపు పాట' యనుపేర లలితగీతములు ప్రసారమైనవి. నెలకొక యొంటిపాట యన్నమాట! బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018) ఆ కేంద్రమునఁ బనిచేసినవారు. పాటలు కట్టిన యాయనయే 'ఆంధ్రవాగ్గేయకార చరిత్రము' వ్రాసి 1961లో సాహిత్య అకాడమీ బహుమానము నందిరి. నేఁ డా రెండు పనులును రెండు తెగలవారికిఁ బంచఁబడి, యొకరి మాట యొకరికి వినఁబడకున్నది.

ఈ విచారమునకు నన్నుఁ బురికొల్పిన సంగతి యొకటి గలదు. కొన్ని యేండ్ల క్రిందట నొక పాఠశాల వార్షికోత్సవమునకై విద్యార్థుల పాటలను బరీక్షించు పని నాకప్పగింపఁబడెను. పదవ తరగతి బాలుఁ డొకఁడు తానే కట్టిన పాటను వ్రాసి తెచ్చెను. వేసవి చివరఁ గాలువకు నీరు వచ్చుట యందలి విషయము. పల్లవిలో 'నీరొచ్చె' నని యుండెను. నేను దానిక్రింద నెఱ్ఱగీఁత గీచి, ప్రక్కన 'గ్రామ్యము' అని వ్రాసి, పాట యనర్హమని త్రోసివైచితిని.

"ఏది తప్పు, గురువుగారూ?" అని బాలుఁ డడిగెను.

"నీరు వచ్చె నని యుండవలెను."

"అలా పాడితే తాళం తప్పుతుందండీ."

"వ్యాకరణము తప్పుటకంటెఁ దాళము తప్పుట మేలు" అని నేనంటిని. ఆ మాట నాఁడు నాకుఁ జమత్కారముగాఁ దోఁచినది. ప్రక్కనున్న యుపాధ్యాయులు నవ్విరి కూడ. బాలుఁడు కాగితము మడిచి జేబులోఁ బెట్టుకొని పోయెను. వాఁడు మఱల పాట కట్టలేదని తరువాత వింటిని.

ఆ పిదప నొకనాఁడు శిష్యుఁడొకఁడు హైదరాబాదునందలి 'చౌరస్తా' బృందమువారి 'ఊరెళ్ళిపోతా మామ' అను పాటను నాకు వినిపించెను. పాడినవాఁడు రామ్ మిరియాల. నగరమునఁ గాలము గడపి విసిగినవాఁడు తన యూరికిఁ దిరిగిపోయెదనని చెప్పుకొనుట యిందలి విషయము. ఈ బృందమువారు జమైకా ద్వీపమున 1960 దశకాంతమునఁ బుట్టిన 'రెగ్గే' యను రీతిని మన జానపదపు నడకతోఁ గలుపుదురు. ఆ రీతియందు గిటారు మీటు తాళపు దెబ్బమీఁదఁ గాక సందునఁ బడును. అతీతానాగత గ్రహముల నెఱిఁగినవారి కిది మిక్కిలి వింత కాదు. అది యట్లుండనిండు. నేను విన్నది మొదట మకుటమును. దానినే వ్యాకరణదృష్టితో విడఁదీసి చూతము.

'ఊరు', 'వెళ్ళిపోతాను' అనునవి యిందలి మాటలు. 'వెళ్ళి' యందలి వకారము వాడుకలోఁ బలుచోట్ల లోపించి 'ఎళ్ళి' యగును. దీనికి బాలవ్యాకరణమున సూత్రము లేదు, వాడుకయే ప్రమాణము. కాని వకారము పోయిన తరువాత నేమి జరిగెనో చూడుఁడు. 'ఊరు' అను నుకారాంతమునకు 'ఎళ్ళి' యను నజాది పరమైనది. ఇట్టిచోట నుకారమునకు సంధి నిత్యమని చిన్నయసూరి విధించియున్నాఁడు. 'ఊరెళ్ళి' యని యా సంధి తప్పక జరిగినది. పాట కట్టినవాఁడు సూరిని జదివెనో లేదో నే నెఱుఁగను. నోరు మాత్రము సూత్రమును బాటించినది.

బాలుని 'నీరొచ్చె' యింతకంటెను బలవత్తరము. 'వచ్చె' అనుదానియందలి యకారము వకారసాహచర్యమున నోష్ఠ్యమై వాడుకలో 'వొచ్చె' యగును. వు, వూ, వొ, వోలు తెలుఁగుమాటలకు మొదట నుండవని సూరియే చెప్పినాఁడు గదా. కావున నా వకారము నిలువక 'ఒచ్చె' యని మిగులును. పిదప మునుపటివలెనే యుకారసంధి. ఈ మూఁడు మెట్లలో మొదటిది మాత్రమే వాడుకది. తక్కిన రెండును సూరివి. ముప్పదియేండ్లు బాలవ్యాకరణము పాఠము చెప్పిన నేను నాఁ డెఱ్ఱగీఁత గీచినది సూరి సూత్రముల క్రిందనే యని తెలిసికొనుటకు రెగ్గే పాట వినవలసివచ్చినది! తాళవిషయమునను బాలుని మాటయే నిజము. 'నీరొచ్చె' అయిదు మాత్రలు. 'నీరు వచ్చె' ఆఱు. ఖండగతిలో నడచు పల్లవికి నేను జూపిన సవరణ మొక మాత్రను బలవంతముగా దూర్చినది.

చౌరస్తావారి మకుటమున మఱియొక విశేషము. 'ఊరెళ్ళి' అయిదు, 'పోతా' నాలుగు, 'మామ' మూఁడు. పలుకుగా లెక్కించినచో మొత్తము పండ్రెండు మాత్రలు. పాడునపుడు 'మామ' యందలి కడపటి యచ్చు సాగును. హ్రస్వమును సాగించుట దోషమని కొందఱందురు. కాని యిది సంబోధనము. దూరమునుండి పిలుచునపుడు వాక్యాంతమందలి యచ్చునకుఁ బ్లుతము గలుగునని పాణిని యనుశాసించెను. ఏకమాత్రము, ద్విమాత్రము, త్రిమాత్రము అను నీ మూఁడు పరిమాణములకు ఉకారమునే నిదర్శనముగాఁ గైకొనుటకుఁ గోడికూతయే కారణమని వ్యాఖ్యాతలు చెప్పుదురు. తరగతిలోఁ బ్లుతమునకు లక్ష్యము చూపుమన్న నీ కోడికూతయే తప్ప మఱేమియుఁ దోఁపక తడఁబడుచుందుము. పొలము గట్టుమీఁద నిలిచి యావలిగట్టువానిని బిలుచు పిలుపును బాటలోఁ బెట్టినవాఁడు మనకు సజీవమైన లక్ష్యము నిచ్చినాఁడు. ఈ బృందమువారే 2020 వసంతమునఁ గరోనా మహమ్మారి వ్యాపించినపుడు 'చేతులెత్తి మొక్కుతా' అను పాటను వెలువరించిరి. అందును మకుటమున సంధి శుద్ధముగా నున్నది. పాటగా నది మొదటిదానికి సాటి రాదు. జాగ్రత్తలు బోధింపఁబూనిన పాటయందు బోధ మిగులును, పాట తగ్గును. అయినను నాఁటి యక్కఱ యట్టిది.

గ్రామ్యదోషమును గూర్చి యింకొక మాట. త్యాగరాజస్వామి నళినకాంతి రాగకృతి 'మనవ్యాలకించరాదటే' యనుదానిని మనమందఱము భక్తితోఁ దలయూఁచుచు విందుము. 'మనవి' తెలుఁగుమాట; 'ఆలకించు' తెలుఁగు క్రియ. తెలుఁగు నికారము సంధి కలిగినచోట లోపించుటయు, సంధి లేనిచోట యడాగమము వచ్చుటయు సామాన్యము. ఇచట నది యకారముగా మాఱి సంస్కృతపు యణాదేశమును బోలియున్నది. మా తరగతిలో విద్యార్థి యిట్లు వ్రాసినచో మార్కులు తగ్గింపక విడువము. త్యాగరాజును మాత్రము తప్పుపట్టము, పట్టరాదు కూడ. పదమునకుఁ గావ్యముకంటె వేఱైన లక్షణ ముండవలెనని మన పూర్వులే యెఱిఁగిరి. తాళ్లపాక చిన తిరుమలాచార్యులు తెలుఁగున 'సంకీర్తనలక్షణము' రచించుటకుఁ గారణ మిదియే. కావ్యలక్షణమే పదమునకుఁ జాలినచో నా గ్రంథ మేల పుట్టును? గిడుగు రామమూర్తిగారి (1863–1940) వాదమును వచనవిషయమున నంగీకరింపని పండితుఁడును గేయవిషయమున నీ భేదమును గుర్తింపక తప్పదు. నేను గ్రాంథికమునే వ్రాయుచున్నాను; ఇఁకముందును వ్రాసెదను. గ్రాంథికము వ్రాయువాఁడు గేయమును గ్రాంథికపుఁ గొలతతోఁ గొలువవలెనను నియమము లేదు.

2021లో వెలువడిన 'బుల్లెట్టు బండి' యను నొంటిపాటను వినని తెలుఁగుపల్లె యుండదేమో. పాడినది మోహన భోగరాజు. భాష తెలంగాణపు పలుకుబడి. వధువు తన వరునితో బుల్లెట్టు మీఁద బయలుదేఱుటకు సిద్ధపడుట యిందలి వస్తువు. ఆ యేఁడు పెండ్లిపందిళ్లలో వధువు లీ పాటకు నర్తించుట పరిపాటియైపోయినది. ఒక సభలో నొక విద్వాంసుఁడు 'బుల్లెట్టు' అను మ్లేచ్ఛపదము పాటకెక్కినదని వాపోయిరి. నాకా పదమే మిక్కిలి ప్రియమైనది. 'బుల్లెట్' అని హలంతముగా వచ్చిన పరభాషాపదమును దెలుఁగునోరు స్వీకరింపదు. కడపటి హల్లును ద్విత్వము చేసి, యుకారమును జేర్చి, 'బుల్లెట్టు' అని తన యజంతముల పంక్తిలోఁ గూర్చుండఁబెట్టుకొన్నది. 'విద్యుత్' అనుదానిని 'విద్యుత్తు' గను, 'వాక్' అనుదానిని 'వాక్కు' గను మన పూర్వులు చేసిన దిదియే కదా. సంస్కృతమునకు జరిగిన మర్యాద యాంగ్లేయమునకును జరిగినది. అదే సమయమునఁ గొందఱు నాగరకులు పాటలలో 'బస్', 'రోడ్' అని హలంతములుగాఁ బాడి, తాళమునకుఁ జాలక గొంతు గతుక్కుమనుచుండుట విందుము. పల్లెనోటి 'బస్సు', 'రోడ్డు' లకుఁ జివర నచ్చుండుటచే స్వరము దానిమీఁద నిలువఁగలదు. తెలుఁగు పాటకు ననువైన భాషయని పెద్దలు చెప్పుట యజంతత వలననే.

ఇఁక నిజమైన దోషముల కడకు వచ్చెదను. ఇవి గ్రామ్యములో లేవు. మొదటిది హ్రస్వదీర్ఘముల వ్యత్యాసము. ఆంగ్లేయమున నూనిక ప్రధానము, పరిమాణ మప్రధానము. తెలుఁగునఁ బరిమాణమే ప్రాణము. ఆంగ్లగీతములు వినుచుఁ బెరిఁగిన చెవి గల యువకులు గిటారు దెబ్బ పడినచోట హ్రస్వమును సాగింతురు, దెబ్బ లేనిచోట దీర్ఘమును గుదింతురు. 'నేల' యనుట 'నెల' యగును, భూమి చంద్రుఁడైనది! 'వాడి' కుఱుచయై 'వడి' యగును. పాటలో నా మాట యొక్క తడవయే వచ్చినచో శ్రోత యర్థమును వెదకుకొనులోపలఁ బాట సాగిపోవును. దీనితోఁబాటు 'వేళ' 'వేల' యగుట, 'కళ' 'కల' యగుట గలవు. ళకారము నాలుకపైఁ బడని యువతరము పట్టణములఁ బెరుగుచున్నది. ఇది బృందముల తప్పు గాదు, మా బడుల తప్పు. ఒకటవ తరగతిలో ళకారమును బలికింపని యుపాధ్యాయుఁడు పదవ తరగతిలో గ్రామ్యమును వెదకుట హాస్యాస్పదము.

రెండవది పదచ్ఛేదము. 'కావుమమ్మ' అను సంబోధనమును 'కావు' అనుచోట విఱిచి, యూపిరి పీల్చి, పిమ్మట 'మమ్మ' అన్నచో మొదటిది నిషేధార్థకమో కాకికూతయో యగును. రెండవది యేమగునో తెలియదు. ఈ దోషము క్రొత్తవారిదే కాదు. కచేరీవిద్వాంసులును దీనిని బహుకాలముగాఁ జేయుచున్నారు. రాగము పేర మనము క్షమించుచున్నాము. బెంగుళూరునందలి 'అగం' బృందమువారు 2012లోఁ దమ తొలిసంపుటమును బ్రకటించిరి. వారు త్యాగరాజకృతులైన 'బంటురీతి', 'మనవ్యాలకించరాదటే' అనువానిని గిటారుల నడుమఁ బాడియున్నారు. ప్రధానగాయకుఁడు హరీశ్ శివరామకృష్ణన్. రాగమునందు వారికిఁ గల భక్తిని శంకింపరాదు. నా చెవికి మాత్రము వేగము హెచ్చినచోట మాట వాద్యఘోషము క్రిందఁ బడి నలిగినది. బంటు కనఁబడలేదు, హంసనాదము మాత్రము వినఁబడినది. ఇది కోరిన ఫలమేయని వారందురేమో. అట్లయినఁ దిల్లానా చాలును, కృతి యేల?

దీనికి విరుద్ధమైన నిదర్శనము మా జిల్లాలోనే గలదు. గుడివాడ దగ్గఱి చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావు, కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపము' పద్యములను గ్రామఫోను పలకపైఁ బాడిరి. అందు సమాసము సమాసముగా వినఁబడును. ఊపిరి పదాంతముననే పడును. రాగము మాటను మోసికొనిపోవును గాని మ్రింగదు. అక్షరమైన రాని వృద్ధురాండ్రు ఆ పద్యములు విని కంటఁ దడి పెట్టుకొనుటకుఁ గారణము గాత్రమాధుర్య మొక్కటియే కాదు. ప్రతిపదమును వారికిఁ దెలిసినది. గిటారు పట్టిన బాలురకు నేను జెప్పఁదలఁచినది పుష్పవిలాపమువలెఁ బాడుఁడని కాదు. ఆయన యెచట నూపిరి పీల్చెనో గుర్తించుకొనుఁడని.

మూఁడవది యంత్యప్రాసవ్యామోహము. నేఁటి 'ర్యాపు' అను శీఘ్రభాషణగీతమున నిది మిక్కుటము. రోల్ రైడా మున్నగువారు దీనిని దెలుఁగున నడుపుచున్నారు. ఆంగ్లేయమున ధాతువులే చరణాంతమునఁ బడుటచే నంత్యప్రాస కూర్చుట కష్టసాధ్యము. కష్టసాధ్యము గనుకనే యది విన నింపు. తెలుఁగున వాక్యాంతమున నుండునది క్రియ. క్రియాంతమున నుండునది ప్రత్యయము. 'వచ్చింది, పోయింది, కూలింది' యని యెన్నియైనఁ బేర్చవచ్చును. ఇది ప్రత్యయముల యావృత్తి యేకాని ప్రాస కాదు. మన పూర్వులు ద్వితీయాక్షరమున నియమము పెట్టుటయందలి వివేక మిచట వెల్లడి యగును. పాదాదిని ధాతువో ప్రాతిపదికమో యుండును. అచటఁ బ్రాస కుదుర్పవలెనన్న నిఘంటువును దిరుగవేయవలెను. ర్యాపు చేయువారిలో నెవఁడైన ద్వితీయాక్షరప్రాసమును బాటించి చరణములు కట్టినచో, ఆ వేగమున నది ద్విపదకు మనుమఁడు కాఁగలదు. ఈ మాటను నే నొక ర్యాపుగాయకునితోఁ జెప్పితిని. అతఁడు నవ్వలేదు, ద్విపద యన నేమని యడిగి వ్రాసికొనెను.

పొరుగుభాషలవారి సంగతి కొంత చెప్పవలెను. కన్నడమున రఘు దీక్షిత్ శిశునాళ షరీఫుగారి (1819–1889) తత్త్వపదములను గిటారుపైఁ బాడి దేశాంతరములకుఁ గొనిపోయెను. చెన్నపట్టణమున 2018లో 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' బృందము గానాపాటలను, పఱై వాద్యమును వేదిక కెక్కించినది. 2021లో అరివు, ధీ పాడిన 'ఎంజాయ్ ఎంజామి' భూమి లేని కూలీల తాతముత్తాతల గోడును బాటగాఁ గట్టినది. వీరందఱును దమ నేలలోఁ బాతుకొని యున్న పదసంపదను ద్రవ్వి తీసికొన్నవారు. మనకు వేమన యున్నాఁడు, వీరబ్రహ్మము తత్త్వములున్నవి, క్షేత్రయ్యపదములున్నవి. ఇట్టి ప్రయత్నము తెలుఁగున నా చెవి సోఁకినంతలో స్వల్పము. కారణము బృందములకు రసజ్ఞత లేకపోవుట కాదు. క్షేత్రయ్యపదమున కర్థము చెప్పుఁడని యొక గిటారువాఁడు పండితుని యింటికి వచ్చినచో గుమ్మమునఁ జెప్పులతోపాటు వానిని గూడ నిలువఁబెట్టు స్థితిలో మనమున్నాము.

ఇంకొక చిక్కు చలనచిత్రము. స్వతంత్రముగాఁ బేరు వచ్చిన వెంటనే చిత్రసీమ పిలుచును. రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు' చిత్రమునఁ 'జిట్టి' పాట పాడెను. 2022లో 'డీజే టిల్లు' మకుటగీతమునకు స్వరము కూర్చెను. రెండును జనరంజకములే. అతనిని దప్పుపట్టను, కళాకారుఁడు బ్రదుకవలెను గదా. కాని చిత్రగీతమునఁ బిలుపు నాయకుని పాత్రకొఱకు, కథాసందర్భముకొఱకుఁ గట్టఁబడును. ఊరికిఁ బోయెదనని తనకుఁ దానై చెప్పుకొన్న మాటలోని నిష్కాపట్యము వేఱు. స్వతంత్రగీతము చిత్రసీమకు మెట్టుగా మాత్రమే మిగిలినచో, ఆ మాటను బలుకు చోటు మఱల మూతపడును. క్షేత్రయ్యకు రాజాస్థానము దొరకినను బదము పదముగానే నిలిచినది. అందలి మువ్వగోపాలుఁడు రాజుకొఱకు మాఱలేదు.

బాలుని పాట ప్రతి యొకటి పాఠశాల కట్టలలోనే దొరకినది. నా యెఱ్ఱగీఁత దానిపై నట్లే యున్నది. వాఁ డిప్పుడు విజయవాడలోఁ గళాశాలలోఁ జదువుచున్నాఁడని తెలిసి, పిలిపించి, పాడుమంటిని. వాఁడు మొదట నంగీకరింపలేదు. తరువాత బల్లపైఁ జేతితోఁ దాళము వేయుచు, నెమ్మదిగాఁ బాడెను. 'నీరొచ్చె' సరిగనే యున్నదని చెప్పి, గీఁతను గొట్టివైచి, క్రింద సంతకము చేసితిని. పాటలో రెండు దోషములు మాత్రము నిజముగనే యున్నవి. నాఁడు నేను వానిని జూడనే లేదు. రెండవ చరణమున 'కాలువ' యనునది తాళపు సందునఁ బడి, పాడునపుడు 'కలువ' యగుచున్నది. నీరు వచ్చునది కాలువలోనికి; కలువ పూయుట మఱునాఁటి మాట. మూఁడవ చరణమున నాలుగు పాదములును 'పారింది, నిండింది, పొంగింది, తడిసింది' యని ముగియుచున్నవి. మొదటిదానిని 'కాల్వ' యని సవరించి గురువుపై దెబ్బ పడునట్లు చేయవచ్చునని నేనంటిని. వాఁడు రెండు తడవలు పాడి చూచి, 'కాల్వ' యన్నచో ముందరి మాట బిగిసిపోవుచున్నదనియు, మాటను గాక తాళమునే యచట నొక మాత్ర ముందునకు జరిపెదననియు జెప్పి, కాగితము తీసికొని పోయెను.